తిరిగి రాని డబ్బాలు

"బీగం తీసేది లేదు. ఇంక ఆ మాట ఎత్తొద్దమ్మా."

శ్రీనివాసమూర్తి పొద్దున్నుంచి ఈ మాట అనడం ఇది నాలుగోసారి. అన్న ప్రతిసారీ ఆయన చేయి నడుము దగ్గరికి పోయి, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవిని తడిమి వస్తోంది. సోమవారం నుంచి స్నానానికి కూడా ఆయన దానితోనే పోతున్నాడు. కల్యాణ మంటపం తాళాలన్నీ గోడ మేకుకు వేలాడుతుంటే, ఈ ఒక్కటి మాత్రం ఒంటి మీదికెక్కి కూర్చుంది.

"రేపు ముహూర్తం ఉండాది మామా," అంది అంబిక. "ఆరునూర్ల ఆకులు పడతాయి. మిగిలిందంతా యాడ పెట్టేది?"

"గుంతలో."

"నిన్న పోసినట్లా?"

నిన్న బుధవారం పెళ్ళిలో మిగిలిన మూడు గంపల అన్నం, ఒక గంగాళం సాంబారు మంటపం వెనక గుంతలో పోసి మట్టి కప్పారు. గేటు అవతల పదిహేనుమంది ఆడవాళ్ళు నిలబడి అదంతా చూశారు. ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు. అడిగి ఉంటే, నాలుగు తిట్టి ఉంటే, అంబికకు కొంచెం తేలికగా ఉండేది.

ఆయన బీగం వేసింది మంటపం వెనక గదికి. కర్ణాటకలోని చింతామణి ఊరి జనం దానికి పెట్టుకున్న పేరు బువ్వ రూము. పెళ్ళి భోజనాల్లో ఆకు మీదికి రాకుండా గిన్నెల్లోనే మిగిలిన అన్నం, సారు, పల్యం కూరలు అంబిక స్టీలు డబ్బాల్లో నింపి మధ్యాహ్నం మూడింటికి వెనక గేటు దగ్గర ఇస్తుంది. ముహూర్తాలు లేని రోజుల్లో రెండు హోటళ్ళవాళ్ళు తమకు మిగిలింది పంపుతారు. టమోటా మండీలో కాయలు ఏరే ఆడవాళ్ళు, మూటలు దొరకని హమాలీలు, బియ్యం రేటు పెరిగినప్పటి నుంచి ఒంటిపూటకు దిగిన ముసలివాళ్ళు, ఏడాదిగా ఆ గేటునే నమ్ముకుని ఉన్నారు. డబ్బాలు నలభై. బట్టల అంగళ్ళవాళ్ళు ఇచ్చారు, ఒక్కోదాని మీద మంటపం పేరు చెక్కించి మరీ. పాత డబ్బా తెచ్చిచ్చి నిండు డబ్బా పట్టుకుపోవాలి. అదీ పద్ధతి.

వాటిలో తొమ్మిది డబ్బాలు తిరిగి రాలేదు. గొడవంతా అక్కడ మొదలైంది.

"తొమ్మిది డబ్బాలకి అంతమంది కడుపు మాడ్చేదా మామా?"

"డబ్బాలు పోతే పోయినాయి. టీ అంగట్లో నలుగురి ముందర నన్ను నిలబెట్టి అడిగినారమ్మా. మీ మంటపం పేరుండే డబ్బాలు గుజరీ అంగట్లో అమ్ముతాండారంట గదా మూర్తప్పా, అని. అని నవ్వినారు. ఈ ఊర్లో నన్ను చూసి నవ్వినోళ్ళు ఇన్నాళ్ళూ లేరు."

"గుజరీ అంగడికి పోయి చూసినారా మరి?"

"నేనా? పాత ఇనుము కుప్పల్లో నేను డబ్బాలు వెతుక్కుంటా నిలబడాలనా?"

"చూడకనే బీగం వేసినారు గదా."

ఇంటి పెద్దతో కోడలు మాట్లాడే పద్ధతి ఇది కాదని అంబికకు తెలుసు. తెలిసీ అనేసింది. మొగుడు ఆనంద్‌కుమార్ అంతవరకూ కన్నడ పేపరు వెనక తల దాచుకుని కూర్చున్నవాడు, ఇప్పుడు దాన్ని రవ్వంత దించాడు.

"అప్పా, కొత్తవి తొమ్మిది కొనేస్తే..."

"నువ్వు గమ్మునుండు."

పేపరు మళ్ళీ పైకి లేచింది. పాపం, ఆనంద్‌కుమార్ మంచివాడే. గొడవలున్న చోట మాత్రం ఆ మంచితనం ఎందుకూ పనికిరాదు.

"పెట్టేకొద్దీ మన నెత్తినే ఎక్కుతారమ్మా," అన్నాడు శ్రీనివాసమూర్తి, ఈసారి కాస్త మెల్లగా. "బువ్వ పెట్టినోళ్ళ గిన్నె ఎత్తకపోయి అమ్ముకునేది యాడైనా ఉండాదా? తినిన ఇంటి మీద రవ్వంతైనా మర్యాద ఉండద్దా?"

వంటింటి గడపలో చెన్నమ్మ నిలబడి ఉంది. చేతిలో సగం వలిచిన ఉల్లిపాయ. భర్త మాట్లాడుతున్నప్పుడు ఆమె మధ్యలో రాదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఆ వ్రతం తప్పింది వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నిసార్లే.

"ఈ పొద్దు మీ అక్క ఈ ఇంటికి వచ్చిపోతాండుంటే, మీకి చెప్పేవాళ్ళు ఉండుందురు," అంది.

శ్రీనివాసమూర్తి చేయి మళ్ళీ తాళంచెవి మీదికి పోయింది.

"ఆ పేరు ఎత్తద్దని చెప్పినా," అన్నాడాయన.

"పేరు నేను ఎత్తలేదు," అని చెన్నమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

శ్రీనివాసమూర్తికి ఒక్కతే అక్క, పుట్టమ్మ. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఇదే ఊళ్ళో, పాత నూనె మిల్లు వెనక సందులో ఉంటుంది. మూడేళ్ళ కిందట ఆనంద్ పెళ్ళి కుదిరినప్పుడు ఎవరో పెద్దలు, మొగుడు పోయిన ఆడమనిషిని ముందు నిలబెట్టుకుని పెళ్ళి చేస్తే బాగుండదని ఈయన చెవిలో వేశారు. శ్రీనివాసమూర్తి అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. ఇంటికి పోయి పిలవాల్సిన తోబుట్టువుకు గుమాస్తా చేత పత్రిక పంపాడు. ఆమె రాలేదు. రాలేదని ఈయనకు కోపం. పిలవలేదని ఆమెకు కోపం. అప్పటినుంచి ఒకే ఊళ్ళో రెండు ఇళ్ళు ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా బతుకుతున్నాయి. అంబిక కాపురానికొచ్చి మూడేళ్ళవుతున్నా ఆ అత్తను చూసిందే లేదు.

"సాయంత్రం లోపల తొమ్మిది డబ్బాలూ నా ముందర పెట్టు," అన్నాడు శ్రీనివాసమూర్తి లేస్తూ. "పెడితే బీగం తీస్తా. లేదంటే రేపు మిగిలింది కూడా గుంతకే."

అంబిక చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంది.

ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఎవరు డబ్బా తీసుకుపోయారు, ఎవరు తెచ్చారు అన్నీ అందులో ఉంటాయి. తొమ్మిది డబ్బాలూ ఎవరి చేతి మీదుగా పోయాయో ఆమెకు సోమవారమే తెలుసు. అంజనమ్మ. బస్టాండు దగ్గర పూలు అమ్మే అంజనమ్మ రోజూ రెండు డబ్బాలు తీసుకుంటుంది, ఒకటి తనకు, ఇంకొకటి కదల్లేని ఒక ముసలామెకని. బీగం పడే ముందు తొమ్మిది రోజులూ ఒక్కటే వాపసు తెచ్చింది. రెండోది ఏదని అడిగితే రేపు తెస్తానమ్మా అనేది. అంబిక సరేననేది. ఆ పేరు మామ చెవిన పడితే బస్టాండులో పూలగంప కూడా ఉండనివ్వరని ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇక ఆ దాపరికం వల్ల కాదు.

వెనక గేటు దాటుతుంటే బువ్వ రూము తలుపు కనిపించింది. దాని మీద అంబిక తన చేత్తో రాసిన కన్నడ నోటీసు. డబ్బాలు బాగా కడిగి, ఖాళీగా తేవాలి, లోపల ఏమీ పెట్టకూడదు. రెండు వారాల కిందటి వరకూ కొన్ని డబ్బాల అడుగున నాలుగు కరివేపాకు రెబ్బలో, గుప్పెడు చింతపండో ఉండి చీమలు పట్టేవి. చెత్తబుట్టలనుకుంటున్నారా మన డబ్బాలని, అని విసుక్కుని రాసింది. రాసి, చదువురాని వాళ్ళకు తానే గట్టిగా చదివి వినిపించింది. తనకు ఆ నోటీసంటే కొంచెం గర్వం కూడా.

అంజనమ్మ బస్టాండు గోడ నీడలో కనకాంబరాలు కడుతోంది. అంబికను చూడగానే చేతిలో దారం ఆగిపోయింది.

"ఆ రెండో డబ్బా యాడికి పోతాండాది అంజనమ్మా?"

"చెప్తిని గదమ్మా. ఒక ముసలామెకి."

"యెవురా ముసలామె? ఇల్లు యాడ?"

"ఆమె యెవురి కంటా పడదమ్మా. ఒళ్ళు బాగలే."

"తొమ్మిది డబ్బాలు పోయినాయి. తొమ్మిదీ నీ పేరు మీదే. గుజరీ అంగట్లో వేసినావా?"

అడిగేశాక అంబికకే నోరు చేదయింది. అంజనమ్మ కట్టిన పూలదండను గంపలో పెట్టింది, తడిగుడ్డ కప్పింది, లేచి నిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, కోపమే ఉంది.

"నాలుగు దినాలాయ, మా ఇంట్లో పొయ్యి రాజేసి. నా బిడ్డలు బన్ను తిని పండుకుంటాండారు. ఒక్క డబ్బా అమ్ముకోనుంటే ఒక దినము బువ్వ వచ్చుండును. నేను అమ్మలే. నన్ను ఆ మాట అంటివి గదమ్మా నువ్వు."

"అయితే చెప్పు. యాడుండాయి?"

"చెప్పనని ఒట్టేస్తిని."

"సాయంత్రానికి డబ్బాలు దొరక్కపోతే రూము తెరిచేది లేదంట. నీ బిడ్డలకీ లేదు, ఆ ముసలామెకీ లేదు. నీ ఒట్టు పెద్దదా, ఆమె కడుపు పెద్దదా?"

అంజనమ్మ గంపను పక్కనున్న సోడా అంగడివాడికి అప్పజెప్పి, "రా," అంది. "నేను చెప్పినట్ల కాదు. నువ్వే చూసుకున్నట్ల."

పాత నూనె మిల్లు వెనక సందులోకి తిరిగినప్పుడు కూడా అంబికకు ఏమీ తట్టలేదు. ఆ సందు పేరు ఇంట్లో ఎవరూ పలకరు గనక ఆమెకు తెలియదు. మిల్లు గేటుకు గడ్డి మొలిచింది. చివర ఒక పెంకుటిల్లు, ముందు గది కప్పు సగం జారి ఉంది. వెనక పెరట్లో, ఎండిపోయిన కరివేపాకు చెట్టు కింద, పాత పంచె పరిచి ఉంది. దాని మీద వరసలు వరసలుగా అన్నం వడియాలు. పక్కనే ఒక ముసలామె పీట మీద కూర్చుని, కట్టెపుల్లతో కాకుల్ని అదిలిస్తోంది.

తొమ్మిది స్టీలు డబ్బాలూ గోడవార పలక మీద బోర్లించి ఉన్నాయి. తళతళ మెరుస్తున్నాయి. అంబిక ఎప్పుడూ అంత శుభ్రంగా కడగలేదు వాటిని.

"యెవురే అంజనా నీ వెంట?" అంది ముసలామె. కళ్ళలో పొరలు కమ్మినట్టున్నాయి, మొహం ఎత్తి అడుగుల చప్పుడుకేసి చూసింది.

"బువ్వ రూమునుంచి వచ్చినారవ్వా."

"డబ్బాలకా?" ఆమె వెంటనే లేవబోయింది, లేవలేక మళ్ళీ కూర్చుంది. "ఉండాయి తల్లీ. తొమ్మిదీ ఉండాయి. ఒక్కదానికి సొట్ట కూడా పడలే, చూసుకో."

"చూసినాను అమ్మా. మరి పంపలేదెందుకు?"

"వట్టివి యెట్ల పంపేది?"

అంబిక పంచె పక్కకు వచ్చి నిలబడింది.

"ఒక ఇంటినుంచి గిన్నె నిండుగా వస్తే, వట్టిగా వాపసు ఇచ్చేది యాడైనా ఉండాదా? మొదట్లో కరివేపాకు వేసి పంపితిని. చెట్టుండె అప్పుడు. ఒగసారి చింతపండు. ఒగసారి నాలుగు శెనక్కాయలు. నాకుండేది అంతే. రెండు వారాలకు ముందు నోటీసు వేసినారంట గదా, ఏమీ పెట్టగూడదు, వట్టిదే తేవాలని. అంజన వచ్చి చెప్పింది." ఆమె తల అడ్డంగా ఊపింది, కోపంగా కాదు, జాలిగా. "ఆ రాసినోళ్ళెవురో గాని, పాపం, వాండ్ల ఇంట్లో చెప్పేకి పెద్దోళ్ళు లేరేమో."

అంజనమ్మ గోడకేసి తిరిగింది.

అంబికకు చిక్కబళ్ళాపురంలో తన తల్లి గుర్తొచ్చింది. పక్కింటి నుంచి చారు గిన్నె వస్తే, ఇంట్లో ఏమీ లేని రోజున చిటికెడు చక్కెరైనా వేసి గాని తిరిగి ఇచ్చేది కాదు ఆమె. అంబిక కూడా అంతే, తన ఇంటి ఇరుగుపొరుగు దగ్గర. బువ్వ రూము గేటు దగ్గర మాత్రం అది ఎందుకు గుర్తు రాలేదు? అక్కడ వరసలో నిలబడేవాళ్ళను ఆమె ఆకలిగా చూసింది. వాళ్ళకూ ఇళ్ళున్నాయని, ఆ ఇళ్ళకూ మర్యాదలుంటాయని అనుకోలేదు. కరివేపాకు రెబ్బను చెత్త అనుకుంది. ఆమెకు చాలా సిగ్గేసింది.

"అందుకే వడియాలు పెడితిని," ముసలామె చెప్పుకుపోతోంది. "ఆదివారం పెండ్లి బువ్వ సగం తీసిపెట్టి, వాము జీలకర్ర వేసి రుబ్బితిని. అట్లనే తొమ్మిదీ నింపి ఒగేసారి పంపుతామని. నోటీసు వేసినోళ్ళు తిడితే తిట్టనీ."

"ఆదివారం బువ్వా?" అంది అంబిక. "సోమవారం నుంచి రూము లేదు గదమ్మా. ఏమి తింటాండారు?"

"రాగిపిండి ఉండాది లే. అంబలి కాసుకుంటా."

"మొన్ననే అయిపాయ పిండి," అంది అంజనమ్మ గోడతో చెప్తున్నట్టు. "నేను బన్ను తెస్తే సగం తుంచి నా చేతికే ఇచ్చింది."

"ఈ వడియాలు వేయించుకోనుండొచ్చు గదా!"

"ఇవి ఇయ్యాల్సినవి," అంది ముసలామె, చిన్నపిల్లకు చెప్పినట్టు.

అంబిక పంచె అంచున కూలబడింది. ఒక్కో వడియం మధ్యలో బొటనవేలు నొక్కిన గుర్తుంది. ప్రతి గుర్తుకూ అడ్డంగా సన్నని గీత. ముసలామె చేతి బొటనవేలి మీద ఏనాటిదో కోత మచ్చ.

"ఇంకోటి ఉండాది తల్లీ. వేరే ఇల్లయితే యెట్లనో సర్దుకొందును. అది నా పుట్టినిల్లు. పుట్టినింటి గిన్నె వట్టిగా పంపితే వాడికి మంచిది కాదు."

"యెవురికి?"

"నా తమ్ముడు. మంటపం శ్రీనివాసమూర్తి." ఆమె మొహం కాస్త విచ్చుకుంది. "మొదటిదినమే తెలిసిపాయ నాకి. సాంబారు నోట్లో పెడితే మా అమ్మ పొడి. ఇంకా అదే వేస్తాండారు."

అంబిక చూపు ఆ డబ్బాల మీదికి పోయింది. మామ పట్టుదల, అత్త సగం మాట, పేరెత్తని ఆ సందు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఆమె పుట్టమ్మ మోకాళ్ళ దగ్గరికి జరిగింది.

"అత్తా," అంది. "నేను అంబికని. ఆనంద్ పెండ్లాన్ని."

కాకి ఒకటి వచ్చి పంచె మీద వాలింది. ఎవరూ అదిలించలేదు.

పుట్టమ్మ చేయి గాలిలో వెతుక్కుంటూ వచ్చి అంబిక చెంపను, చెవిని, జడను తాకింది. "ఇట్లుండావా నువ్వు," అంది. తరువాత చేయి తీసేసుకుంది. "నీ పెండ్లికి నేను రాలే. నన్ను యెవురూ పిలవలే."

"ఇంటికి పదండి అత్తా. ఇప్పుడే."

"పిలవని ఇంటికి నేను రాను."

"అయితే నేను పోయి బువ్వ తెస్తా. పది నిమిషాలు."

"రూమునుంచి వస్తే తీసుకుంటా. అది ఊరందరికీ పెట్టేది, అందరితో పాటు నేనూ. నీ వంటింటినుంచి తెస్తే వద్దు. ఆ ఇల్లు నన్ను వద్దనుకునింది." ఆ గొంతులో శ్రీనివాసమూర్తి గొంతే వినిపించింది అంబికకు, బీగం తీసేది లేదన్న గొంతు. ఒక్క తల్లి బిడ్డలు కదా మరి. "నేను తింటాండేది వాడికి తెలుసా?"

"తెలీదు."

"చెప్పొద్దు. చెప్తివంటే రేపట్నుంచి ఆ బువ్వ కూడా నా గొంతు దిగదు. నా మీద ఒట్టు పెట్టుకో."

అంబిక ఒట్టు పెట్టుకుంది. వేరే దారి లేదు.

పుట్టమ్మ తడుముకుంటూ ఎండిన వడియాలు ఏరి ఒక డబ్బా నింపింది. నింపి, మూత పెట్టి, చీర కొంగుతో తుడిచి ఇచ్చింది. "ఇదొగటి తీసుకపో. యెవురో ఒగామె ఇచ్చిందను. తక్కినవి నిండినాక పంపుతా."

"తొమ్మిదీ కావాలన్నారు అత్తా, మామ."

"వట్టివి పంపనంటి గదా."

అంబిక ఒక్క డబ్బాతో ఇల్లు చేరేసరికి భోజనాల వేళయింది. వంటింట్లో చెన్నమ్మ ఆకులు కడుగుతోంది. అంబిక డబ్బాను గట్టు మీద పెట్టింది. ఏం చెప్పాలో తెలియక, చెప్పకుండా ఉండడం చేతగాక, గోడకానుకుని నిలబడింది.

చెన్నమ్మ మూత తీసింది. వాము వాసన గుప్పుమంది. ఆమె ఒక వడియం తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంది, బొటనవేలి గుర్తు చూసింది, గుర్తు మీది గీత చూసింది. కోడలి మొహం చూసింది. అంబిక తల దించుకుంది.

"ఒట్టేయించుకునిందా?" అంది చెన్నమ్మ.

అంబిక తల ఊపింది.

చెన్నమ్మ బాణలి పొయ్యి మీద పెట్టి నూనె పోసింది.

శ్రీనివాసమూర్తి ఆకు ముందు కూర్చుంటూనే, "దొరికినాయా డబ్బాలు?" అన్నాడు.

"ఒకటి తిరిగొచ్చింది మామా."

"ఒకటే గదా!" అని ఆయన గెలిచినట్టు కొడుకు వైపు చూశాడు. ఆనంద్‌కుమార్ సారన్నంలో మునిగిపోయాడు.

చెన్నమ్మ ఆకు చివర నాలుగు వడియాలు వేసింది. ఆయన ఒకటి కొరికాడు. రెండోది కొరకబోయి ఆగాడు. నమలడం ఆగింది. సారు ఆకు అంచుదాకా పారి కిందికి కారుతోంది, ఆయన చూడలేదు.

"ఇవి యాడివి?"

చెన్నమ్మ ఆకు మీద ఇంకాస్త అన్నం వడ్డించింది.

"అడిగేది మిమ్మల్నే. అన్నము వడియాల్లో ఇంత వాము యెవురేసినారు?"

"తినండి," అంది చెన్నమ్మ.

"అంబికా. ఆ తిరిగొచ్చిన డబ్బా ఇట్లా తే."

అంబిక తెచ్చి ముందు పెట్టింది. ఎంగిలి చేయి పక్కకు పెట్టి, ఎడమ చేత్తో మూత తీశాడాయన. వేయించని వడియం ఒకటి అరచేతిలో వేసుకుని, వేలి గుర్తు మీది గీత చూశాడు. తనకు ఆరేళ్ళప్పుడు, చెరుకు కావాలని మారాం చేస్తే, అక్క కొడవలితో చెక్కుతూ బొటనవేలు కోసుకుంది. రక్తం చూసి తానే ఎక్కువ ఏడ్చాడు. ఏడవద్దురా, నాకేమీ కాలేదని అక్క ఆ వేలు నోట్లో పెట్టుకుని, ఇంకో చేత్తో చెరుకుముక్క అందించింది.

"ఇది బువ్వ రూము డబ్బా," అన్నాడు మెల్లగా. తనకు తానే లెక్క చెప్పుకుంటున్నట్టు. "బువ్వ తీసుకుపోయినోళ్ళే గదా తిరిగి తెచ్చేది."

అంబిక పెదవి కొరుక్కుంది. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం ఒట్టు వినలేదు.

"ఈ వడియాలు యెప్పటి బువ్వ?"

"ఆదివారానిది మామా."

"సోమవారం నుంచి ఏమి తినింది?"

ఆ ప్రశ్నకు జవాబు ఆయన నడుముకే కట్టి ఉంది. ఎవరో చెప్పాల్సిన పని లేదు. శ్రీనివాసమూర్తి ఆకు ముందునుంచి లేచాడు, చేయి కడుక్కోలేదు. మొలతాడు ముడి ఎంతకీ రాక పీకి, తాళంచెవిని అంబిక ముందు నేల మీద పెట్టాడు.

"రూము తియ్. హోటళ్ళకి ఫోను చెయ్, ఈ పొద్దే పంపమను. మూడింటికి రమ్మని అందరికీ చెప్పు." డబ్బాను అంబిక వైపు జరిపాడు. "ఈ డబ్బాలో బువ్వ పెట్టుకోని నువ్వు ముందు పో."

"నేను తీసుకపోతే తీసుకోదు మామా."

"ఎందుకు తీసుకోదు? నేను పంపినానని చెప్పు."

"పంపినారు గదా ఒగసారి, గుమాస్తా చేత," అంది చెన్నమ్మ.

ఆయన భార్య వైపు చూశాడు. ముప్పై ఏళ్ళలో ఆ మనిషి తనకు ఎదురు నిలబడి ఇంత మాట అనడం ఆయన చూడలేదు. చెన్నమ్మ డబ్బాలోని వడియాలను పళ్ళెంలోకి వంచి, డబ్బా కడిగి, పొయ్యి మీదున్న అన్నం వేడివేడిగా పెట్టింది. అన్నం మీద చిన్న గిన్నె పెట్టి సాంబారు పోసింది. మూత బిగించి, తెచ్చి భర్త చేతికిచ్చింది.

"ఆ ఇంటినుంచి డబ్బా నిండుగా వచ్చింది. మనము వట్టిగా పంపేకి లేదు. మనుషుల చేత పంపేకీ లేదు. మీరే పోండి. పోయి పిలవండి."

శ్రీనివాసమూర్తి చొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒకదానికొకటి తప్పు పడ్డాయి, ఎవరూ సరిచేయలేదు. డబ్బా పట్టుకుని గడప దాటాడు, వాకిలి దాటాడు. మే నెల ఎండ నడినెత్తిన మండుతోంది. నూనె మిల్లు అక్కడికి ఐదు నిమిషాల నడక. గేటు దగ్గర ఆయన ఆగిపోయాడు. రెండు చేతులతో డబ్బా పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"తలుపు తీయకపోతే?" అన్నాడు.

చెన్నమ్మ కోడలి వైపు చూసింది. అంబిక చేతిలోని తాళంచెవిని పిడికిట బిగించింది. పిలవని ఇంటికి రానన్న ఆ గొంతు ఆమె చెవుల్లో ఇంకా ఉంది.

ఆయన జవాబు కోసం అక్కడే, ఎండలోనే నిలబడి ఉన్నాడు.